కామ లేని గొడ్డళ్ళు

పాలక్కోడు తాలూకాలోని మా ఊళ్ళో పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకునే రోజుల్లో అటక మీద ఒక గొడ్డలి దొరికింది. మా తాత వాడినది. కామను చెదలు ఎప్పుడో తినేశాయి. ఇనుము మాత్రం మిగిలి, తుప్పు పట్టి, పాత బెల్లపు అచ్చులా వుంది. తాత గురుతు గదా, కొత్త ఇంట్లో నలుగురికీ కనబడేచోట పెట్టుకుందామని ధర్మపురికి తీసుకుపోయి ఒక షెడ్డులో ఇచ్చాను. వాళ్ళు కరెంటు సాన మీద పట్టి, గంటలో అద్దంలా చేసి చేతికిచ్చారు. మురిసిపోయాను. ఊరికి తెచ్చి, కొలిమి ఆర్పేసి పదేళ్ళయిన మా కమ్మరి తాతకు చూపించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. వాదరను బొటనవేలితో తడిమాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మళ్ళీ దూరంగా పట్టుకున్నాడు.

“ఏమి నైనా, మీ తాత మొగాన్ని గీకేసినావే!” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడాయన ఒక్కొక్కటే చూపించాడు. గొడ్డలి చెంప మీద మూడు చుక్కల గుర్తు వుండాలట. అది వాళ్ళ నాయన కొట్టిన గుర్తు. సానలో పోయింది. వాదరకు రెండు వేళ్ళ ఎడంగా, ఇనుముకు ఉక్కు అతికిన గీత ఒకటి కనబడాలట. అదీ పోయింది. అన్నిటికన్నా చెడ్డది, వాదర పొడుగునా లేత నీలం నీడ ఒకటి పడింది. మెరుగు పెట్టినందువల్ల వచ్చిన అందమనుకున్నాను నేను. సానరాయి ఒరిపిడి వేడికి ఉక్కు పదును దిగిపోయిన గుర్తట అది. “ఇంక ఇది కట్టె కొట్టదు నైనా, గోడకే పనికొస్తాది” అని దాన్ని నా చేతిలో పెట్టేశాడు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మనకొక సామెత. కొబ్బరిపీచుతో, కిరసనాయిలుతో పోయే తుప్పుకు నేను కరెంటు సాన పెట్టించాను. చేసినవాళ్ళ తప్పేమీ లేదు, మెరిపించమన్నది నేనే.

ఆ తరవాత పాత గొడ్డళ్ళను చూసే అలవాటు పట్టుకుంది. ఊళ్ళల్లో, సంతల్లో, పాత ఇనుము అంగళ్ళలో, మ్యూజియాల్లో. చూడగా చూడగా తెలిసినదేమంటే, ఈ ధర్మపురి సీమలో గొడ్డలి కథ చిన్నది కాదు. నాలుగు వేల యేళ్ళకు పైబడినది. ఆ కథ మనకందేదీ కామ లేని ముక్కల్లోనే. కట్టె మట్టిలో కలిసిపోతుంది, రాయీ ఇనుమూ మిగులుతాయి. కామ పట్టిన చేతిని ఆ మిగిలిన ముక్క మీది అరుగుదలను బట్టి, అతుకులను బట్టి ఊహించుకోవలసిందే. నేను సాన పట్టించి పోగొట్టింది సరిగ్గా వాటినే.

రాయితో మొదలుపెడతాను. మా ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద ఒక మునియప్ప గుడి వుంది. గుడి అంటే గోపురం, గంట ఏమీ లేదు, నాలుగు బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పారు. లోపల, దేవుడి శూలం పక్కన, నున్నటి నల్లరాళ్ళు ఏడు వరసగా పెట్టి వుండేవి. అరచేయంత పొడవు, ఒక చివర మొన, రెండో చివర చంద్రవంకలా వెడల్పయిన వాదర. పసుపూ కుంకుమా పూసి పూసి వాటి అసలు రంగే మరిచిపోయాం. మా అవ్వ వాటిని పిడుగురాళ్ళనేది. పిడుగు పడినచోట భూమిలో దిగిపోయి, దున్నేటప్పుడు పైకి వస్తాయని ఆమె నమ్మకం. ఇది మా అవ్వ ఒక్కదాని నమ్మకం కాదు. పాతకాలపు గ్రీకులూ అలాగే అనుకున్నారు, ఐరోపా పల్లెల్లో మొన్నమొన్నటిదాకా పిడుగు పడకుండా ఇంటిచూరులో ఇటువంటి రాళ్ళు దోపుకునేవారు. మనుషులు చేసిన వస్తువును మనుషులే మరిచిపోయి ఆకాశానికి అంటగట్టడం అన్ని దేశాల్లోనూ జరిగిందన్నమాట.

అవి నవీన శిలాయుగపు గొడ్డళ్ళు. జవ్వాది, ఏలగిరి, సేర్వరాయన్ కొండల పల్లెల్లో ఇటువంటివి చెట్ల కింద, పిళ్ళయార్ గుళ్ళలో ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. కృష్ణగిరికి తూర్పున, ఇప్పటి తిరుపత్తూరు జిల్లాలోని పయ్యంపల్లిలో 1964-65లోనూ, 1967-68లోనూ భారత పురావస్తు శాఖ తరపున ఎస్.ఆర్. రావుగారు తవ్వించారు. గుజరాతులో లోథాల్ రేవును తవ్వి తీసింది ఆయనే. పయ్యంపల్లిలో కింది పొరలో నునుపు రాతిగొడ్డళ్ళు, ఆ పైన ఇనుము వాడినవాళ్ళ పొర బయటపడ్డాయి. ధర్మపురికి దగ్గరలోనే మోదూరులో 2004-05లో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లోనూ రాతిగొడ్డళ్ళ కాలపు ఆనవాళ్ళు దొరికాయి.

వీటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు గానీ, చేత్తో పట్టుకుని చూడాలి. ఏటిగట్టున దొరికే నున్నటి గులకరాయికి అన్ని వైపులా ఒకే నునుపు వుంటుంది. గొడ్డలికి అలా వుండదు. వాదర వైపు అద్దంలా అరగదీసి వుంటుంది, మొన వైపు మాత్రం చిన్న చిన్న గుంటలతో గరుకుగా వదిలేస్తారు. అది బద్ధకం కాదు. ఆ గరుకు భాగమే కామలో దూరేది. నున్నగా చేస్తే కామ జారిపోతుంది. చేసే పద్ధతి నాలుగంచెలు: పెద్ద రాతితో చెక్కలు కొట్టి ఆకారం తేవడం, గుండ్రాయితో టకటకా పొడిచి ఎగుడుదిగుళ్ళు తీయడం, బండ మీద నీళ్ళూ ఇసుకా వేసి నూరడం, చివరికి మెరుగు పెట్టడం. నూరినచోట బండ మీద దోనెల్లాంటి గాళ్ళు పడతాయి. మన బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల మీద వాటిని నేటికీ చూడవచ్చు. క్రీ.పూ. 1900 నుంచి 1200 దాకా అక్కడ రాతిగొడ్డళ్ళ తయారీ పెద్ద ఎత్తున సాగింది. గుట్టను నిలువునా చీల్చుకుని వచ్చిన నల్లరాతి గోడ, డోలరైట్ అంటారు దాన్ని, వాళ్ళ ముడిసరుకు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల నేలలో కూడా ఆ నల్లరాతి గోడలు మైళ్ళ పొడుగునా వున్నాయి. ఇవాళ దాన్నే బ్లాక్ గ్రానైట్ పేరుతో కోసి, మెరుగు పెట్టి, సమాధి ఫలకాలకూ వంటింటి అరుగులకూ ఎగుమతి చేస్తున్నారు. నాలుగు వేల యేళ్ళ కింద మెరుగు పెట్టినవాడూ అదే రాయిని ఎంచుకున్నాడు. పగలదు, వాదర నిలుస్తుంది.

ఈ రాళ్ళ శాస్త్రానికి దక్షిణాదిన పునాది వేసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. భూగర్భ శాఖ ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో ఆయనకు దొరికిన రాతి పనిముట్టుతో మన దేశపు పాతరాతియుగం చరిత్ర మొదలైంది. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరును మనవాళ్ళు చేతిగొడ్డలి అని అనువదించుకున్నారు. నాకు ఆ మాట నచ్చదు. కామే ఎరగని పనిముట్టు అది, పిడికిట్లో పట్టుకునే రాయి. కామ వున్నదే గొడ్డలి. ఫూట్ ఉద్యోగం విరమించాక మా తొప్పూరు కనుమకు అవతల కనబడే ఏర్కాడులో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోగుచేసిన రాళ్ళనన్నిటినీ 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. వాటిలో సేర్వరాయన్ కొండల గొడ్డళ్ళూ వున్నాయి.

రాతిగొడ్డలి చెట్టును కొడుతుందా అని అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. 1950లలో డెన్మార్కు శాస్త్రజ్ఞులు దీన్ని తేల్చారు. మ్యూజియంలోని అసలు చెకుముకిరాతి గొడ్డళ్ళకే కొత్త కామలు వేసి అడవికి పోయారు. మొదట ఇనుప గొడ్డలి ఎత్తినట్టు భుజం మీదుగా ఎత్తి వేస్తే రాయి పగిలింది, వాదర లేచిపోయింది. తరవాత మోచేతి నుంచి చిన్న చిన్న దెబ్బలు వడివడిగా వేయడం నేర్చుకున్నారు. అప్పుడు ముగ్గురు మనుషులు నాలుగు గంటల్లో ఆరు వందల చదరపు గజాల అడవిని నరికేశారు. ఒక గొడ్డలయితే నాలుగు వేల యేళ్ళ కిందటి వాదరతోనే, మళ్ళీ సాన పెట్టకుండానే, నూరు చెట్లకు పైగా పడగొట్టింది. కమ్మరి తాతకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. “వాదర పెట్టినోడు గట్టోడు” అన్నాడు, అంతే.

ఇక ఇనుము. ఇక్కడ మా సీమ గొప్ప చెప్పుకోక తప్పదు. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరు జిల్లా కాకముందు బర్గూరు ప్రాంతం ధర్మపురి జిల్లాలోదే. అక్కడి మయిలాడుంపారైలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే, ఇనుముతో కలిసి దొరికిన బొగ్గుకు క్రీ.పూ. 2172 అని లెక్క తేలింది. 2022 మే 9న ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు ఈ మాటను శాసనసభలో ప్రకటించారు. 2025 జనవరిలో వెలువడిన ఆచార్య కె. రాజన్, ఆర్. శివానందంల పుస్తకం తూత్తుకుడి జిల్లా శివగళైకి అంతకన్నా వెయ్యేళ్ళు పైబడిన తేదీలు చూపించింది. పండితులు వాటి మీద ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఆచార్య కె.పి. రావుగారు తవ్విన సమాధుల్లోని ఇనుముకు కూడా క్రీస్తుకు రెండు వేల యేళ్ళ ముందరి తేదీలే చెప్పారు. మాకు ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరే వుంది. మయిలాడుంపారైలో నునుపు రాతిగొడ్డళ్ళూ దొరికాయి, ఇనుమూ దొరికింది. ఒక రోజున రాయి పారేసి ఇనుము పట్టుకున్నవాడు ఎవడూ లేడు. చాలా కాలం ఒకే చూరు కింద రెండూ వేలాడి వుంటాయి.

తొలి ఇనుప గొడ్డలికి బెజ్జం లేదు. రాతిగొడ్డలి ఎలా వుందో అలాగే, చదునయిన ఇనుప ముక్క. వాదర వైపు విప్పారి, వెనక సన్నగిల్లుతుంది. దాన్ని కామ బెజ్జంలో దూర్చాలి, కామ దాని బెజ్జంలో దూరదు. నాగపూరు చుట్టుపట్ల మహూర్ఝరీ, నైకుండ్ సమాధుల్లో దొరికిన గొడ్డళ్ళకు అడ్డదిడ్డంగా ఇనుప పట్టీలు చుట్టి వున్నాయి. కామకు బిగించి కట్టడానికి వేసినవి. కామ పోయింది, కట్టు మిగిలింది. తల్లి రాయి పోలిక బిడ్డ ఇనుములో ఎన్ని తరాలు నిలిచిందో చూడండి. కామ దూరే బెజ్జంతో వున్న గొడ్డలి అంటే ఇనుమును రెండుగా మడిచి, మధ్య ఒక కడ్డీ పెట్టి, చుట్టూ కొట్టి అతికించడం తెలిసిన తరవాతది.

ధర్మపురి పాత పేరు తగడూరు. అదియమాన్ నెడుమాన్ అంజి ఊరు. ఔవైయారు ఆయన తరపున కాంచీపురం తొండైమాన్ దగ్గరకు రాయబారం పోయిన కథ తమిళ పిల్లలందరికీ తెలుసు, మన పిల్లలూ అదే బడిలో చదివారు. తొండైమాన్ తన ఆయుధశాలను గర్వంగా చూపించాడట. నెమలి ఈకలు చుట్టి, నెయ్యి పూసి, దండలు వేసి నిలబెట్టిన ఆయుధాలు. ఆమె వాటిని చూసి మెచ్చుకుంటున్నట్టే చెప్పిన మాట ఏమంటే, మా రాజువి ఇలా లేవు, మొనలు విరిగి కొలిమి దగ్గర పడి వున్నాయని. పుఱనానూఱులో వుంది ఆ పాట. చిన్నప్పుడు ఎకసెక్కెంగా మాత్రమే అర్థమైంది. నా చేతిలో మెరిసే గొడ్డలి పెట్టుకుని కమ్మరి తాత ముందు నిలబడ్డ రోజున ఆమె అన్నది నన్నేనని తోచింది.

కొలిమి సంగతికి వస్తే, పాత గొడ్డలిలో రెండు లోహాలుంటాయి. ఒళ్ళంతా మెత్తని ఇనుము, వాదరకు మాత్రం గట్టి ఉక్కు. ఉక్కు ప్రియం, అదీగాక ఒట్టి ఉక్కుతో చేస్తే దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. అందుకని ఇనుమును మడిచి, కొన దగ్గర చీల్చి, ఆ నోట్లో ఉక్కు ముక్క పెట్టి, ఇసుకో వెలిగారమో చల్లి, తెల్లగా కాగే వేడిలో సమ్మెటతో అతుకుతారు. యేళ్ళు గడిచి ఉక్కు అరిగిపోతే ఇనుము పారేయరు, మళ్ళీ కొత్త ఉక్కు వేస్తారు. మా తాత గొడ్డలికి మూడుసార్లు ఉక్కు వేశారని కమ్మరి తాత జ్ఞాపకం. రంపం పళ్ళు లెక్కపెట్టినట్టు ఆ అతుకుల్ని లెక్కపెడితే గొడ్డలి వయసు తెలుస్తుంది.

ఆ ఉక్కు మన మాట. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి మన ఉక్కు మీద వ్యాసం రాసినప్పుడు దాన్ని వూట్జ్ అన్నాడు. ఉక్కు అనే తెలుగు, కన్నడ మాటే అలా వంకర తిరిగిందని పండితులు చాలామంది ఒప్పుకున్నారు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఈ ఉక్కును మూసల్లో వండే పద్ధతిని చూసి డాక్టర్ వాయ్‌సీ రాసినది 1832లో అచ్చయింది. పారశీక వర్తకులు దానికోసం అంత దూరం వచ్చి కూర్చునేవారట. 1800లో మైసూరు సీమ చూడబోయిన ఫ్రాన్సిస్ బుకానన్ ఊరూరా ఇనుము కరిగించేవాళ్ళను చూశాడు; వానకు కొట్టుకొచ్చిన నల్ల ఇసుక, కట్టెబొగ్గు, తోలుతిత్తి, ఇంతే వాళ్ళ సామగ్రి. ఈ బారామహల్ 1792లో టిప్పు చేతి నుంచి కుంఫిణీకి వచ్చింది. థామస్ మన్రో ధర్మపురిలో కాపురముండి, తోట పెంచుకుంటూ పన్నులు కట్టింది ఆ దశాబ్దంలోనే. తరవాత జోసయా మార్షల్ హీత్ అనే దొర ఈ సేలం ఇనుమును నమ్ముకుని 1830లో పరంగిపేటలో పెద్ద కర్మాగారం పెట్టాడు. కొన్ని దశాబ్దాలు కుంటుతూ నడిచి మూతబడింది. బొగ్గు చాలలేదు. ఇనుముకు బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్టు కావాలి, చెట్టుకు గొడ్డలి కావాలి. ఊరి కొలిమికి ఈ లెక్క సరిపోయింది, కర్మాగారానికి సరిపోలేదు.

ఇప్పుడు మన ఇళ్ళల్లోని గొడ్డళ్ళను పట్టి చూద్దాం. స్థానికంగా కరిగించిన పాత ఇనుము తుప్పు పట్టే తీరే వేరు. కట్టెకు ఈనెలున్నట్టు దానికి పొడుగు చారలుంటాయి. లోపల చిక్కుకున్న చిట్టెం దారాలుగా సాగి వుంటుంది, తుప్పు వాటి వెంబడే తింటుంది. మిల్లు ఇనుముకు ఆ చారలుండవు, మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న రైలు వచ్చింది. సీమ నుంచి ఓడల్లో దిగిన ఇనుప కడ్డీలు అప్పటికే రేవుల దగ్గరి సంతల్లో చవగ్గా దొరికేవి. రైలు పోయినచోటికల్లా అవీ పోయాయి, ఊళ్ళల్లో ఇనుము కరిగించే బట్టీలు ఆరిపోయాయి. కొలిములు మాత్రం ఆరలేదు. బెజ్జం చుట్టూ వెతికితే మడత అతుకు కనబడితే అది కమ్మరి చేసినది. అతుకు లేకుండా, అంచుల వెంబడి అచ్చు పడిన సన్నని గీత వుండి, చెంప మీద అక్షరాలో అంకెలో గుద్ది వుంటే అది కార్ఖానా సరుకు. జంషెడ్‌పూరు నుంచి టాటావారి అగ్రికో గొడ్డళ్ళు 1920ల నుంచి వస్తున్నాయి. మూడో రకం ఒకటుంది. సేలం-బెంగుళూరు రోడ్డు మీద లారీలు పెరిగాక, విరిగిన కమాను పట్టీలు కమ్మరికి బంగారమయ్యాయి. వాటితో వాదర వేస్తే వేరే ఉక్కు అక్కరలేదు. అటువంటి గొడ్డలి లారీల కాలానికి ముందుదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఉక్కు గీత కనబడకపోతే సాన పట్టవద్దు. చింతపండు పులుసో నిమ్మరసమో వాదర మీద పూసి కాసేపు వుంచితే ఉక్కు ముదురు బూడిదరంగు తిరుగుతుంది, ఇనుము తెల్లగా నిలుస్తుంది. మధ్య గీత దానంతటదే పైకి వస్తుంది. వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి నూనె పట్టించాలి. తుప్పులో కూడా రెండున్నాయి. ఎర్రగా, వేలికి అంటుకునేది చెరుపు చేసేది. నల్లగా, గట్టిగా ఒంటికి అతుక్కున్నది ఇనుమును కాచేది. కిరసనాయిలులో రెండు మూడు రోజులు నాననిచ్చి, కొబ్బరిపీచుతో రుద్దితే ఎర్రది పోతుంది, నల్లది వుంటుంది. అక్కడ ఆగాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పూస్తే మిగిలిన ఎరుపు నల్లబడి నిలుస్తుంది. మన పెద్దలు అన్నభేదీ, కరక్కాయా కలిపి సిరా చేసుకున్నది ఈ గుణం తెలిసే. మ్యూజియంవాళ్ళు టానిక్ ఆమ్లం అని సీసాలో కొనేది కూడా ఇటువంటి వగరు సరుకే.

ఇది అటక మీది గొడ్డలికి. భూమిలో దొరికినదాని సంగతి వేరు. దానిలో ఉప్పు దిగి వుంటుంది. గాలి తగలగానే లోపలి నుంచి పొరలు పొరలుగా పగులుతుంది. దాన్ని కడగకుండా, గీకకుండా, మట్టితోనే పొడిగా చుట్టి అప్పగించడం ఒక్కటే మనం చేయగలిగింది. క్షారపు నీళ్ళలో నెలల తరబడి నానబెట్టి ఆ ఉప్పు దింపుతారు, అది ఇంట్లో అయ్యే పని కాదు. చట్టమూ అదే చెబుతుంది. భూమిలో దొరికినది పది రూపాయలకు మించిన విలువదయితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. నూరేళ్ళు దాటిన పనిముట్టు 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించడానికి వీల్లేదు.

మునియప్ప గుడి మాట మధ్యలో వదిలాను. కొన్నేళ్ళ కింద ఆ గుడికి టైల్సు వేసి, గోడలకు రంగులు కొట్టాలని పెద్దలు తీర్మానించారు. ఏడు రాళ్ళనూ తీసి ఆమ్లంతో కడిగి, పాలిష్ పెట్టించి, సిమెంటులో నిలబెడతామన్నారు. మంచి మనసుతో అన్న మాటే. నేను తాత గొడ్డలిని పట్టుకుని పోయాను, అందులో పోయినదేమిటో చూపించాను. సగం మంది విన్నారు, సగం మంది నవ్వారు. చివరికి అడ్డుపడింది నా చరిత్ర పాఠం కాదు. మా పెద్దమ్మ వరస ఆమె ఒకరు లేచి, “దేవుడి మొగం మీద పసుపు గీకేదానికి మీరెవుర్రా?” అంది. ఆ మాటతో పాలిష్ ఆగింది. అయితే టైల్సు పని జరిగిన నెలలో రాళ్ళన్నీ చెట్టు కింద బుట్టలో వుండినాయి, తిరిగి లోపల పెట్టేటప్పుడు లెక్కపెడితే అయిదే. మిగిలిన రెండూ ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు. మ్యూజియానికి ఇచ్చేసి వుంటే ఏడూ భద్రంగా వుండేవేమో. అద్దాల బీరువాలో నంబరు చీటీతో వుంటే పసుపు పూసేవాళ్ళుండరు, నిజమే. నాకు ఈ విషయంలో మనసు ఇప్పటికీ ఒక పక్కకు రాలేదు. ఆ అయిదింటికీ నాలుగు వైపులా ఫోటోలు తీసి, కొలతలు రాసి, ఒక ప్రతి గుడి పెట్టెలో, ఒక ప్రతి నా దగ్గర పెట్టాను.

కమ్మరి తాతకు కొడుకులిద్దరూ హోసూరులో ఫ్యాక్టరీ పనిలో వున్నారు. ఆయన నోట్లో వున్న మాటలను నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను: దాగలి, సమ్మెట, పట్టకారు, తిత్తి, వాదర, చిట్టెం. కామకు చిరుమాను మేలని, తుమ్మ రెండోదని ఆయన చెబుతాడు. మనం కామ అన్నదాన్ని తమిళంలో కాంబు అంటారు. గొడ్డలి, కోడాలి, కన్నడపు కొడలి కూడా అక్కచెల్లెళ్ళ పిల్లల్లాగే వుంటాయి. మా ఊళ్ళో మూడూ వినబడతాయి.

మొన్న సంక్రాంతి ముందు పక్కవీధిలో ఒకామె కట్టెలు కొడుతుంటే గొడ్డలి చెంప మీద ఏదో కనబడి దగ్గరికి పోయాను. తమిళులు, మాకు మూడు తరాల పరిచయం. అడిగి చేతిలోకి తీసుకున్నాను. మసి, చెమట, నూనె కలిసిన నలుపు కింద మూడు చుక్కలు. వాదర వెనక ఉక్కు గీత రెండు వరసలు. వాళ్ళ అత్తగారి కాలం నుంచి వున్నదట, కామ మాత్రం నిరుడు మార్చారట. కమ్మరి తాతను పిలుచుకొచ్చాను. ఆయన కట్టెల మోపు మీద కూర్చుని, గుర్తు మీద వేలు పెట్టి, “మా నాయనదే” అన్నాడు. తరవాత చాలాసేపు దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆమె రెండుసార్లు పొయ్యి వైపు చూసింది. మూడోసారి వచ్చి, “తాతా, నీళ్ళు కాగాలి” అని చేయి చాపింది.